సీసాల మార్పిడి

అబా పట్నంలో కూల్‌డ్రింకు అమ్మడం పెద్ద విద్యేమీ కాదు. సీసాలు కాపాడుకోవడమే విద్య. డ్రింకులో ఏముంది, నీళ్ళు, చక్కెర, గ్యాసు. తాగినవాడు సీసా వెనక్కి ఇస్తేనే రేపు మళ్ళీ నింపగలం. సైనికులు దేశాన్ని ఏలుతున్న ఆ రోజుల్లో కొత్త సీసా దొరకడం గగనం. సీసాలు పోయిన కంపెనీ చచ్చిన కంపెనీ కిందే లెక్క.

నేను పనిచేసేది టాంగిరోలో, పెద్ద కంపెనీ. చీఫ్ ఓగ్బువాగు నడిపే ఓసిమిరి చిన్న ఫ్యాక్టరీ, ఒకే ఒక్క నింపుడు యంత్రం. అయినా అతని అల్లం డ్రింకు ముందు మా నారింజ నీళ్ళు వెలవెలబోయేవి. మేం అంగళ్ళకి ఊరికే ఫ్రిజ్‌లు ఇచ్చి, మా సరుకు తప్ప ఇంకోటి పెట్టబోమని ఒట్టు వేయించుకున్నాం. అంగళ్ళు నడిపే ఆ మహాతల్లులు మా ఫ్రిజ్‌లోనే అతని అల్లం డ్రింకు చల్లబరిచి అమ్మారు.

పోటీ ఎంత ఉన్నా ఒక కట్టుబాటు ఉండేది. ఖాళీలు పోగుచేసేటప్పుడు వాళ్ళ సీసాలు మా క్రేట్లలోకి, మావి వాళ్ళ క్రేట్లలోకి వచ్చేస్తాయి. అందుకని ప్రతి శనివారం పొద్దున మిషన్ స్కూలు ఆటస్థలంలో రెండు లారీలూ ఆగేవి. వాళ్ళవి వాళ్ళకి, మావి మాకు, సీసాకి సీసా. సంతలో తలలు పగలగొట్టుకున్నవాళ్ళు కూడా అక్కడ చెయ్యెత్తేవాళ్ళు కాదు. మా తరఫున మార్పిడి చేసేవాణ్ణి నేనే.

ఒక శుక్రవారం మా మేనేజరు మదుకా నా చేతికి స్పానర్ ఇచ్చాడు.

"రేపు వాళ్ళకిచ్చే సీసాల్లో పదికి ఒకటి. అడుగున చిన్నగా తట్టు."

"పగిలిపోతాయి ఓగా," అన్నాను. పైవాణ్ణి మేం ఓగా అనే పిలుస్తాం.

"పగిలితే చూసి పారేస్తారు. పగలకూడదు, బీట వారాలి. యంత్రం మీద గ్యాసు ఎక్కినప్పుడు దాని పని అది చూసుకుంటుంది."

"ఆ యంత్రం దగ్గర నుంచునేది మా అన్న అనాయో ఓగా."

మదుకా నవ్వాడు. "అందుకే కదా నీకు చెప్పేది. ఏ రోజు మానెయ్యాలో వాడికి చెప్పుకోవచ్చు. ఇంకొకడికి అప్పగిస్తే నీకు ఆ వీలు కూడా ఉండదు."

నన్ను తిట్టుకోవాలంటే ఇక్కడే తిట్టుకోండి. నేనైతే రోజూ ఇక్కడే తిట్టుకుంటాను. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఓగా నన్ను నమ్మాడన్న గర్వమే ఎక్కువైంది. మూడు వందల సీసాలకి బీట తీశాను. చెయ్యి తిరిగాక అదెంత తేలిక పనో చెప్పలేను. శనివారం వాటిని నా చేతుల మీదుగానే వాళ్ళ లారీకి ఎక్కించాను.

ఆదివారం చర్చి అయ్యాక అన్న ఇంటికి వెళ్ళాను. వదిన ఉకామక చేదాకు పులుసు పెట్టింది.

"రేపు పనికి వెళ్ళకు అన్నా."

"ఏం, టాంగిరో వాళ్ళు నాక్కూడా జీతం పంపుతున్నారా?"

"జ్వరమని చెప్పు. ఒక్కరోజే."

అన్న చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. వదిన లోపలికి వెళ్ళేదాకా ఆగాడు. "ఒరే డిలి, సీసాలకి ఏం చేశావురా?"

స్పానర్ సంగతి గొణిగాను.

"నేను మానేస్తే ఇంకొకడు నుంచుంటాడు," అన్నాడు. "ముందుగా చెప్పడానికి పాపం వాడికి నీలాంటి తమ్ముడు లేడు."

సోమవారం వెళ్ళాడు. యంత్రం ఆపించి, మేకుతో ఒక్కో సీసా తట్టి, మోత సరిగ్గా లేనివి పక్కన పెట్టాడు. అయినా ఒకటి తప్పించుకుని యంత్రం మీద పేలింది. ఇద్దరి చేతులు చీరుకుపోయాయి. ఓగ్బువాగు వచ్చి ఆ సీసాల గుట్ట చూశాడు.

"లారీ కుదుపులకి బీట వారాయి చీఫ్," అన్నాడట మా అన్న.

"లారీ కుదుపు సీసాలన్నిటినీ ఒకే చోట తంతుందా అనాయో?"

తరవాతి శనివారం ఆటస్థలంలో నేను లారీ దిగీ దిగగానే నలుగురు మీద పడ్డారు. కట్టెతో మోకాళ్ళ మీద కొట్టారు. పడ్డాక బూట్లతో పొట్టలో తన్నారు. నా పళ్ళు రెండు మట్టిలో రాలాయి. మావాళ్ళు లారీ ఎక్కి పారిపోయారు. జుట్టు పట్టి లేపి నన్ను ఓగ్బువాగు ముందు నిలబెట్టారు. అతని పక్కన ఎండలో ఒక క్రేటు. నేను బీట తీసిన సీసాల్లో పేలకుండా నిలిచిన పన్నెండింటికి అల్లం డ్రింకు నింపించి, మూత వేయించి తెచ్చాడు.

"మొహానికి ఆనించి పట్టుకో. బాగా ఊపు. ఊపి తాగు," అన్నాడు ఓగ్బువాగు. "నీ చేతి పనితనం నువ్వే రుచి చూడాలి కదా!"

నా వేళ్ళ చుట్టూ వాళ్ళ వేళ్ళు బిగించి సీసా నా కంటిదాకా లేపారు. ఏడ్చాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను.

అప్పుడు వాళ్ళ లారీ మీంచి అన్న దూకాడు. నలుగుర్నీ తోసుకుంటూ వచ్చాడు.

"ఆగండెహె! పెద్దవాణ్ణి నేనిక్కడ ఉండగా మొదటి సీసా వీడికిస్తారా? మీ ఇళ్ళల్లో చిన్నవాళ్ళే ముందు తాగుతారా? మా నాన్న బతికుంటే మిమ్మల్నందర్నీ గుమ్మంలోనే తన్నేవాడు."

మా ఇగ్బోల్లో కోలా గింజైనా, కల్లైనా, మేక తొడైనా పెద్దవాడి చెయ్యి పడ్డాకే తక్కినవాళ్ళకి. కిరాయి రౌడీలకి కూడా తల్లి ఒళ్ళోనే వచ్చే బుద్ధి అది. వాళ్ళ పట్టు వదులైంది. ఓగ్బువాగు వద్దనడానికి చెయ్యెత్తాడు, కానీ పెద్దరికం అడిగినవాడికి కాదని ఎలా అంటాడు? అన్న నా చేతిలోంచి సీసా లాక్కున్నాడు.

"అల్లం ఘాటు తగ్గించారు చీఫ్, వాసనలోనే తెలుస్తోంది," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు కూడా. గొడవ చల్లారుతుందని నాకు ఆశ పుట్టింది. అన్న ఎప్పటిలాగే, మేమంతా చేసేలాగే, మూత పళ్ళ మధ్య పెట్టి కొరికాడు.

పేలింది. గాజు అతని గొంతులో దిగింది. నా రెండు చేతులూ అదిమిపెట్టినా రక్తం వేళ్ళ సందుల్లోంచి చిమ్ముతూనే ఉంది. నన్ను చూస్తూ ఏదో అనబోయాడు, గాలి మెడలోంచే పోయింది. ఆస్పత్రి ఇంకా రెండు వీధులుందనగా పోయాడు.

మా చుట్టాలందరూ పోగయ్యారు. ఓగ్బువాగు సీసా ఓగ్బువాగు మనుషుల మధ్య పేలింది, ఇంకేం కావాలి? నిజం చెబుదామని నేను నోరు తెరిచాను. "ఏడుపు తరవాత. ముందు పని చూడు," అన్నాడు మా పెదనాన్న. మా అన్న దినానికని మదుకా ఆవునీ, దాంతోపాటు నాలుగు డబ్బాల పెట్రోలునీ పంపాడు. ఆ మనిషి ఏదీ వృథా పోనివ్వడు.

మిట్టమధ్యాహ్నం నలభై మందిమి మచ్చుకత్తులతో ఫ్యాక్టరీ గేటు విరగ్గొట్టాం. కాపలావాణ్ణి గోడకేసి కొట్టారు, మళ్ళీ లేవలేదు. పెట్రోలు నేనే పోశాను, నేనే అంటించాను. మంట నా కుడిచేతికి పాకింది. వేడికి గోదాములో సీసాలు వందలకి వందలు పేలిపోయాయి. ఓగ్బువాగుని గదిలోంచి ఈడ్చుకొచ్చి నా ముందు పడేశారు.

"అన్న రక్తం. మొదటి దెబ్బ నీదే," అన్నారు.

అతను నన్ను గుర్తుపట్టాడు. తల ఎత్తి, అందరికీ వినపడేలా, "ఆ సీసాలకి బీట తీసింది..." అన్నాడు.

ఆ మాట పూర్తికాకముందే నరికాను. మెడ మీద పడలేదు, దవడ మీద పడింది. మళ్ళీ నరికాను. అతను మాట్లాడలేడని తెలిశాక కూడా నరుకుతూనే ఉన్నాను. మావాళ్ళే నన్ను పట్టి లాగారు. "తమ్ముడంటే వీడురా," అన్నారెవరో.

ఇప్పుడు అబాలో ఏ ఫ్రిజ్ తెరిచినా టాంగిరోనే. నన్ను డిపోకి పెద్దని చేశారు.

ఫ్యాక్టరీ తగలబెట్టిన సాయంత్రం ఉకామక కాలిన నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఊదుతూ ఊదుతూ పామాయిలు రాసింది.

"మండుతోందా మరిదీ?"

"లేదు వదినా."

"నీ చెయ్యి చల్లగా ఉండాలి," అంది. "ఇదే లేకపోతే ఆయన్ని చంపినవాణ్ణి ఎవరు అడిగేవాళ్ళు?"

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.