రెండోలోంచి మూడోలోకి

హనుమంతవాక ఎత్తు ఎక్కుతుండగా కూర్మారావు కారు రెండో గేరులోంచి మూడోదానిలోకి మారబోయి ఆగి, "కాస్త ఆగండి, చెయ్యి లాగేస్తోంది" అంటుంది. ఆ మాట ఇంట్లో రోజూ వినేదే కాబట్టి కూర్మారావు పట్టించుకోడు. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాడు. ఇంజను గోల పెడుతుంది గానీ కారు ముందుకు పోదు, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెడుతుంది.

వెనక సీట్లో స్కూలు యూనిఫాంలో ఉన్న కూతురు లిఖిత అంటుంది, "గేరు మార్చు నాన్నా."

"మనం మార్చేదేముందమ్మా, ఆటోమేటిక్ కదా. దానంతటదే మారాలి."

కూర్మారావు చెడ్డవాడు కాడు, పాపం. లోకంలో చాలా పనులు వాటంతటవే అయిపోతాయని నమ్మినవాడు, అంతే. చొక్కా దానంతటదే ఇస్త్రీ అయి హేంగరెక్కుతుంది. పిల్ల జ్వరం దానంతటదే తగ్గుతుంది. కూరలో ఉప్పు సరిపోవడం కూడా అలాంటిదేనని ఆయన ఉద్దేశం. అందుకే ఏరికోరి గేరు మార్చక్కర్లేని కారు కొన్నాడు. పాతబడ్డాక మాత్రం అది డ్రైవ్‌లో పెడితే వెంటనే కదలదు, కాసేపు ఆలోచించుకుంటుంది.

కారు జారి జారి, ఊరంతా వెనక్కే నడిచి, కంచరపాలెంలో మెకానిక్ పైడిరాజు షెడ్డులో ఆగుతుంది. పైడిరాజు బానెట్ ఎత్తి, గేరుబాక్సు మూత విప్పి, మర్యాదగా తల పక్కకి తిప్పుకుంటాడు.

"లోపల ఆడమనిసున్నారు సార్. మీరు సూడండి."

కూర్మారావు వంగి చూస్తాడు. లోపల పీట మీద భార్య నీలవేణి కూర్చుని ఉంది. పాదాలు ఎర్రటి ఆయిల్లో మునిగి ఉన్నాయి. కొంగు నడుముకి దోపుకుని, రెండు చేతులతో ఓ పళ్ళచక్రాన్ని పట్టుకుంది.

"ఇందాకేగా గేటు దగ్గర క్యారేజీ అందించావు?" అంటాడు కూర్మారావు.

"అందించానండీ. మీరు సీటు సర్దుకునేలోపు వచ్చి కూర్చుంటాను. రోజూ అంతే."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఆగండి, ఆగండి అంటూనే ఉన్నాను కదండీ."

నీలవేణి అరచెయ్యి చాపుతుంది. గీతలన్నీ అరిగిపోయి, కడిగిన పళ్ళెంలా నున్నగా ఉంది. ఆ చెయ్యి పట్టుకుందామని కూర్మారావు చూస్తాడు గానీ అది జారిపోతుంది. ఆయనకి సిగ్గేస్తుంది. ఇన్నాళ్ళూ కారుని మెచ్చుకున్నాడు.

"అమ్మగారు అరిగిపోనారు సార్," అంటాడు పైడిరాజు. "ఈ మోడలుకి సామాను రావట్లేదు. ఇంట్లో ఉన్నదే ఎయ్యాలి." అంటూనే ఓ స్పానరు తీసి లిఖిత మణికట్టుకి పెట్టి చూస్తాడు. స్పానరు బిగుతుగా, సరిగ్గా పడుతుంది.

లిఖిత బుద్ధిగా బ్యాగు దించుతుంది. "బూట్లు విప్పాలా అంకుల్?" అని అడుగుతుంది.

"దానికి పరీక్షలున్నాయండీ," అంటుంది లోపల్నుంచి నీలవేణి. "ఇంకొన్నాళ్ళు నేనే చేస్తాలెండి."

కూర్మారావు కూతురి కాళ్ళకేసి చూస్తాడు. పిల్ల అప్పుడే ఒక బూటు విప్పేసింది. ఆగితే రెండోది కూడా దానంతటదే ఊడిపోతుంది. ఆయన చప్పున ఆ బూటు తీసుకుని మళ్ళీ తొడుగుతాడు. లేసు కట్టడం ఎప్పుడూ రాలేదు, అడ్డదిడ్డంగా ముడేస్తాడు.

"నేను సరిపోనా?"

"మొగోళ్ళని ఎయ్యాలని కంపెనీవోడు రాయలేదు సార్."

"వెయ్యకూడదని రాశాడా?"

పైడిరాజు ఆలోచిస్తాడు. "అదీ రాయలేదు."

నీలవేణి పైకి వస్తుంది. కూర్మారావు ప్యాంటు మడిచి లోపలికి దిగుతాడు. ఆయిలు వేడిగా ఉంది, మాడిన వాసన వేస్తోంది.

"బండి మూలగకముందే మార్చాలండీ," అని చెబుతుంది నీలవేణి.

"మూలగకముందే ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. కనిపెట్టుకుని కూర్చోవాలి."

ఆమె స్టీరింగు ముందు కూర్చుంటుంది. "దారంతా నాకు తెలుసు, ఎప్పుడూ చూడలేదు గానీ," అంటుంది కూతురితో. మూత పడుతుంది.

కారు మళ్ళీ ఎత్తు ఎక్కుతుంది. కూర్మారావు తొందరపడి మారుస్తాడు, కుదుపు వస్తుంది. ఆలస్యంగా మారుస్తాడు, ఇంకా పెద్ద కుదుపు. చేతులు జారుతున్నాయి, చెవులు రిక్కించి రిక్కించి మెడ పట్టేసింది, ఒక్క క్షణం ఊరుకుందామంటే లేదు. అయినా పైన తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం వినిపిస్తుంటే ఆయనకి ప్రాణం కుదుటపడుతుంది.

అంతలో పీట కింద ఇంకో మూత కదులుతుంది. సందులోంచి ఎప్పుడో పోయిన అమ్మ మొహం కనిపిస్తుంది. ఆవిడ చేతుల్లోనూ ఓ చక్రం ఉంది.

"నువ్వెందుకు దిగావురా?" అంటుంది అమ్మ. "పిల్లేదీ?"

కూర్మారావు మూత మూసి, దాని మీద బరువంతా వేసి కూర్చుంటాడు. కింద గాజులు గలగలమంటాయి, ముందు ఒక చేతివి, ఆ తర్వాత ఎన్నో చేతులవి. వాళ్ళకి కోపమేమీ లేదు. "లిఖితా, రామ్మా," అని పిలుస్తున్నారు, అన్నానికి పిలిచినంత ప్రేమగా, ఒకరి గొంతు కింద ఒకరి గొంతు. కూర్మారావు మూడో గేరుని మళ్ళీ రెండోలోకి లాగి అక్కడే పట్టుకుంటాడు, ఇంజను అరిచినంతసేపూ పైన పిల్లకి ఆ పిలుపు వినపడదు.