మెట్ల వంతు

శనివారం పొద్దున్నే గుద్రున్ మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు తుడుస్తోంది. స్టుట్‌గార్ట్‌లో ఆ వీధిలో ఏ ఇంటికైనా ఇదే పద్ధతి. ఎవరి వారమైతే వాళ్ళ తలుపుకి చిన్న చెక్క పలక వేలాడుతుంది. ఆ వారం మెట్లూ, నడవా, ఇంటి ముందు కాలిబాటా వాళ్ళవే. వాళ్ళంటే ఆ ఇంట్లో ఆడది అని పలక మీద రాసి ఉండదు, రాయక్కర్లేదు. కింద వాటాలో ఉండే ఇంటి యజమాని ష్వేగ్లర్‌కి భార్య పోయినప్పటి నుంచీ ఆయన వంతు కూడా గుద్రునే చేస్తోంది. "పాపం ముసలాయన. ఎలాగూ బకెట్ నీ చేతిలోనే ఉంటుందిగా, నీకేం పోయింది?" అన్నాడు భర్త ఎకార్ట్ అప్పట్లో. ఆ మాట నిజమే. బకెట్ ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంది.

ఇప్పుడా ముసలాయనే అద్దె నూట ఎనభై యూరోలు పెంచుతానంటున్నాడు. ఎకార్ట్‌కి కార్ఖానాలో పని గంటలు తగ్గించారు. గుద్రున్ బడి వంటింట్లో సగం పూట చేసి తెచ్చేది సరుకులకీ కరెంటుకీ సరి. పెంచింది ఇవ్వలేకపోతే ఇల్లు వదలాలి. ఆ ఊళ్ళో వాళ్ళకి అందే అద్దెలో ఇంకో ఇల్లంటే గగనకుసుమమే. "నువ్వే మాట్లాడు, ఆయనకి నువ్వంటే అభిమానం" అన్నాడు ఎకార్ట్. అదే నోటితో "మాట్లాడి చెడగొట్టకు" అని కూడా అన్నాడు.

ఆమె దగ్గర ఒకే ఒక్క ఆయుధం ఉంది. స్నానాలగది గోడ. చెమ్మ పట్టి, మూలనుంచి పైకప్పు దాకా నల్లగా బూజు పాకింది. "గోడ బాగుచేయించకుండా అద్దె ఎలా పెంచుతారండీ?" అన్న మాటని వారమంతా బడిలో బంగాళాదుంపల తొక్క తీస్తూ లోపల్లోపల తిప్పుకుంది. ష్వేగ్లర్ పదకొండింటికి స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

మెట్లయ్యాక చేతులు కడుక్కుందామని వెళ్ళి ఆ గోడని చూసింది. పరాయి మనిషి వచ్చి చూసే గోడ. కొత్తకాపురంలో అత్తగారు తలుపు పైచెక్క మీద వేలు పెట్టి రాసి, దుమ్ము అంటిన ఆ వేలిని కోడలికి చూపించిన రోజు గుర్తొచ్చింది. "గోడ మురికైతే యజమానిని ఎవరూ అనరమ్మా, ఇల్లాలినే అంటారు" అనేది కన్నతల్లి. కాస్త అంచు మాత్రం తుడుద్దామనుకుంది. తరవాత వెనిగర్ తెచ్చింది, ఆ తరవాత బ్రష్షు. తలుపు గంట కొట్టిన చప్పుడుకి తల తిప్పి చూసేసరికి గోడ పాలలా ఉంది.

"ఏదమ్మా బూజు?" అన్నాడు ష్వేగ్లర్, కళ్ళజోడు సర్దుకుంటూ.

"ఉండేదండీ..."

"ఉండేదిట!" ఎకార్ట్ పకపకా నవ్వాడు. "మా ఆవిడకి చీపురు పిచ్చి, ష్వేగ్లర్ గారూ. యముడొచ్చినా కాళ్ళు తుడుచుకుని రమ్మంటుంది."

ముసలాయన గోడని అరచేత్తో తట్టాడు. "ఇంత శుభ్రమైన ఇల్లు ఈ వీధిలో లేదమ్మా. పైవాటాలోకి వచ్చినవాళ్ళు మెట్లు చూసే కదా, అడిగినంతా ఇచ్చారు! ఆ లెక్కన మిమ్మల్ని నేను తక్కువే అడుగుతున్నా."

కోరి కొరివితో తల గోక్కున్నట్టయింది. ఇవాళ గోడ సంగతి సరే. ఇన్నేళ్ళూ మోకాళ్ళ మీద కూర్చుని మెట్టుమెట్టుకీ అద్దె పెంచుకుంటూ వచ్చింది తనేనా?

మగవాళ్ళిద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె కాఫీ పోసి, తెల్లవారుజామున జడలా అల్లి కాల్చిన తీపి రొట్టెని ముక్కలు కోస్తోంది.

"ఒక మాటండీ" అన్నాడు ఎకార్ట్. "పైవాళ్ళ వంతు కూడా గుద్రున్ చేస్తుంది. మీ కిటికీలూ తుడుస్తుంది. అద్దె మాత్రం ముట్టుకోకండి."

"పైవాళ్ళు ఎటూ మెట్లు తుడవడానికి మనిషిని పెట్టమని నా ప్రాణం తీస్తున్నారు" అంటూ ఆలోచించాడు ష్వేగ్లర్. "మరి ఆవిడకి ఇష్టమేనా?" ఆ మాట ఎకార్ట్‌నే అడిగాడు.

"ఆవిడ ఊరికే కూర్చోలేదు లెండి."

కత్తి చేతిలో పట్టుకుని గుద్రున్ నోరు తెరిచింది. వారమంతా నానబెట్టుకున్న మాటలున్నాయి కదా, ఏదో ఒకటి వస్తుందనుకుంది. "ఇంకో ముక్క వెయ్యనా?" అని వచ్చింది. రొట్టె పళ్ళెం మీదుగా మగవాళ్ళిద్దరూ చేతులు కలిపారు.

వెళ్తూ వెళ్తూ ష్వేగ్లర్ వాళ్ళ తలుపుకున్న పలకని సరిచేశాడు. "ఇది ఇంక తియ్యక్కర్లేదు" అన్నాడు సంతోషంగా.

"చూశావా!" ఎకార్ట్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మనకి పైసా ఖర్చు లేకుండా తేల్చేశాను."

ఆమె బల్ల మీది రొట్టె పొడి అరచేతిలోకి ఊడ్చుకుంది. "ఎకార్ట్, నేను పోయాననుకో. అప్పుడు?"

ఎకార్ట్ చెడ్డవాడు కాదు. అడిగినదానికి నిజాయితీగానే ఆలోచించాడు.

"అప్పుడింక ఆ నూట ఎనభై ఇచ్చుకోవాల్సిందే" అన్నాడు.