గడప దాటిన బెంచీ

పాటల టీచర్ రోజూ బడికి రాగానే పాటల గదిలోని బెంచీ కాళ్ళ దగ్గర సుద్దముక్కతో గీత గీస్తుంది. పడవ పాట మనసుపెట్టి పాడితే బెంచీ ముందుకు జరుగుతుంది, లేకపోతే లేదు. అది ఆ బడిలో అందరికీ తెలిసిన సంగతే. పోయినేడాది పిల్లలు దాన్ని సగం గది దాటించారు. ఈసారి పిల్లలకు అంగుళం కూడా జరగలేదు.

"శనివారం ఆఖరి గంట కొట్టేలోగా గడప దాటించండి. లేదంటే ఈ గది టైపు క్లాసుకి ఇచ్చేస్తాను" అన్నారు హెడ్మాస్టరు.

"దాటిస్తాం" అంది టీచర్. అనైతే అనేసింది గానీ ఎలాగో తనకే తెలీదు. గది పోతే బడిలో పాట పోయినట్టే.

తప్పంతా మొహాల్లో ఉంది. ఇళ్ళల్లో అమ్మలు అద్దం ముందు నిలబెట్టి మరీ నేర్పారు, కనుబొమలు ఎగరెయ్యి, చెయ్యి తిప్పు, నవ్వు అని. ముప్పైమంది పిల్లలు ఒకేలా పళ్ళికిలిస్తూ "వెయ్యరా తెడ్డు, అదిగో ఒడ్డు" అంటుంటే పళ్ళపొడి ప్రకటనలా ఉంది.

శనివారం ఆఖరి పీరియడ్‌కి హెడ్మాస్టరు వచ్చి ఆ బెంచీ మీదే కూర్చున్నారు. ఆయనేమైనా తక్కువ బరువా! పిల్లలు పాడారు. బెంచీ కదల్లేదు.

"నవ్వకండర్రా! అసలెందుకు నవ్వుతున్నారో చెప్పండి" అని కసిరింది టీచర్.

వెనక వరసలో పడవాయన కూతురు చెయ్యెత్తింది. పోయిన వరదల్లో తండ్రి పడవతో సహా కొట్టుకుపోయినప్పటి నుంచి ఆ పిల్ల పాడనేలేదు.

"మా నాన్న నవ్వేవాడు కాదు టీచర్. ఇంటికొచ్చేటప్పుడే ఈ పాట పాడేవాడు. ఒడ్డున నేనూ అమ్మా ఉంటాం కదా."

టీచర్ ఆ పిల్ల దగ్గరకెళ్ళింది.

"నువ్వెత్తుకోమ్మా. మిగతావాళ్ళు చేతులు కట్టుకోండి. ఒడ్డున మీవాళ్ళు ఎదురుచూస్తున్నారు, వాళ్ళకోసం పాడండి."

ఆ పిల్ల ఎత్తుకుంది. "వెయ్యరా" దగ్గర నిజంగా తెడ్డు వేస్తున్నట్టు బిగపట్టింది, "తెడ్డు" దగ్గర ఊపిరి వదిలింది. మిగతావాళ్ళు అందుకున్నారు. బెంచీ కిర్రుమంది. గీత దాటింది. హెడ్మాస్టరు "అమ్మో" అని రెండు చేతులతో అంచు పట్టుకున్నారు. గడప దగ్గర ముందుకాళ్ళు తట్టుకుని ఆగిపోయింది.

"ఆపకండి! ఇంకోసారి!" అంది టీచర్.

గంట కొట్టేసరికి హెడ్మాస్టరు బెంచీతో సహా వరండాలో ఉన్నారు. లేచి బట్టలు దులుపుకుని, గది తాళంచెవి టీచర్ చేతిలో పెట్టారు. "టైపు మిషన్లు నా గదిలో పెట్టించుకుంటాలెండి."

ఆ పిల్ల మాత్రం ఇంకా పాడుతూనే ఉంది. ఖాళీ బెంచీ మెట్లు దిగి, ఆవరణ దాటి, కూతురికోసం గేటు దగ్గర నిలబడ్డ తల్లి ముందు ఆగింది. తల్లి దాని మీద కూర్చుని, భర్త పోయాక మొదటిసారి, భోరున ఏడ్చింది.