మూత రీలు

అమ్మలుకి సైకిలు నేర్పింది మేనమామ. ఈత నేర్పింది మేనమామ. ఆఖరికి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేయడం నేర్పింది కూడా ఆ మహానుభావుడే. అలాగని వాళ్ల నాన్నకి చేతకాక కాదు. ఆయన సైకిలు బ్రేకులు పరీక్షిస్తూ ఉండగానే పిల్ల వీధి చివరిదాకా తొక్కేసి వచ్చింది. ఈతకొలను లోతు గురించి అక్కడి కాపలాదారుతో ఆయన వాదన తేలేసరికి పిల్ల అవతలి ఒడ్డున కూర్చుని కాళ్లాడిస్తోంది. ఈల సంగతి వదిలేద్దాం.

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. మోయాల్సిన దానికంటే ఎక్కువ బరువు వేసి, పై అంతస్తు నుంచి దించి, బ్రేకు పట్టేదాకా ఊపిరి బిగబట్టి చూసి, అప్పుడుగానీ తలుపు పక్కన పచ్చ స్టిక్కరు అంటించడు. ఆయన స్టిక్కరు వేసిన లిఫ్టులో ఇంతవరకూ ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. అది చిన్న సంగతేం కాదు. కాకపోతే ఆ గుణం సాయంత్రమయ్యాక ఆఫీసులో ఉండిపోదు, సంచీతో పాటు ఇంటికొస్తుంది.

అందుకే ఒకరోజు అమ్మలు, "నాన్నా, నాకు చేపలు పట్టడం నేర్పుతావా?" అని అడగ్గానే ఆయన గుండె గంతేసింది. మామయ్యని కాదు, తనని అడిగింది! ఆ మామయ్య పళ్ల డాక్టరు. చేతికందిన కర్రకి దారం కట్టి చెరువులో పారేసినా చేపలు వరస కట్టి వచ్చే జాతకం ఆయనది. ఆ పూట భోజనాల దగ్గర నాన్న అందరి ముందూ ప్రకటించాడు.

"ఇదిగో, ముందే చెబుతున్నా. దీని మొదటి చేప నా పక్కన కూర్చునే పట్టాలి. ఈ ఒక్కటీ నాకొదిలెయ్యండి."

బావమరిది దణ్ణం పెట్టాడు. "నేనేం అడ్డం రాను బావా. ఈ ఆదివారమే తీసుకెళ్లు."

"ఆదివారమా? రీలు లేకుండానా?"

అక్కడ మొదలైంది తంతు.

గాలాల దుకాణం ఆవిడ రకరకాల రీళ్లు బల్ల మీద పరిచి, అందులోంచి ఒకటి ముందుకు జరిపింది. "చిన్నపిల్లలకైతే ఇదండీ, మూత రీలు. దారం మూత లోపలే ఉంటుంది, చిక్కుపడదు. ఈ మీట బొటనవేలితో నొక్కిపట్టి, విసిరేటప్పుడు వదిలెయ్యడమే. మిగతావి బాగా అలవాటైనవాళ్లకి."

మామూలు మనిషికైతే అక్కడితో అయిపోయేది.

"బ్రేకు ఏది?" అన్నాడాయన.

"బ్రేకేంటండీ?"

"చేప గట్టిగా గుంజితే?"

"ఓ, అదా. ఈ బిగింపు చూశారా? కాస్త వదులుగా పెడితే దారం మెల్లగా వదులుతుంది, తెగదు."

ఆయన కళ్లు మెరిశాయి. డ్రమ్ము ఉంది, దానికి చుట్టిన తాడుంది, బ్రేకుంది. అంటే ఇదీ లిఫ్టే, కాకపోతే చేపలెక్కేది. లిఫ్టన్నాక పరీక్ష తప్పదు.

మొదటి రీలుకి ఇస్త్రీపెట్టె కట్టి మెట్ల మీద నుంచి దించాడు. పిడి విరిగింది. తిరిగిచ్చేస్తుంటే దుకాణం ఆవిడ, "ఇస్త్రీపెట్టె అంత చేప ఆ చెరువులో లేదండీ," అని చెప్పి చూసింది. రెండోదాన్ని బకెట్లో నానబెట్టాడు, తుప్పు పడుతుందేమో చూడాలని. ఆ బకెట్లో బట్టలు నానేసుకునే వీల్లేక ఇల్లాలు నానా అవస్థా పడింది. మూడోదానికి గాలం బదులు రబ్బరు ముక్క కట్టి వరండాలో విసరడం సాధన చేశాడు. ఆ రబ్బరు ముక్క ఒకసారి ఎదురింటి పెద్దాయన కాఫీలో పడింది. ఆయన అప్పట్నుంచి తలుపు తీసేముందు తల మాత్రమే బయటపెట్టి చూస్తున్నాడు.

"మీ పరీక్షలు పూర్తయ్యేలోపు ఆ చేపలకి మనవలు పుట్టుకొస్తారు," అంది ఇల్లాలు.

అమ్మలు కొన్ని ఆదివారాలు, "రీలు పాసయిందా నాన్నా?" అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. పిల్లకి తన ఓపికే వచ్చిందని ఆయన మురిసిపోయాడు. ఆదివారమైతే చాలు, ఆడుకోవడానికని మామయ్య ఇంటికి పోయి, బూట్ల నిండా బురదతో తిరిగొచ్చేది. ఆ బురద ఆయన కంట పడలేదు. ఆయన చూపంతా రీలు లోపలి స్ప్రింగు మీద ఉంది.

ఎట్టకేలకు రీలు పాసయింది. దాని అడుగున పచ్చ స్టిక్కరు అంటించి, గాలం కర్రకి బిగించి, కూతుర్ని వెంటబెట్టుకుని చెరువుకి బయల్దేరాడు.

గట్టు మీద కూర్చోబెట్టి మీట గురించి చెప్పాడు, బిగింపు గురించి చెప్పాడు, గాలి వాటం గురించి చెప్పాడు. అమ్మలు బుద్ధిగా తలూపింది. తీరా విసిరితే గాలం వెనక పొదలో చిక్కుకుంది. రెండోసారి తన కాళ్ల దగ్గరే పడింది. మూడోసారి నాన్న టోపీ ఎగరేసుకుపోయింది.

"రావట్లేదు నాన్నా."

"పర్లేదు తల్లీ, మొదట్లో అందరికీ ఇంతే," అంటూ ఆయన పిల్ల బొటనవేలు మీద తన వేలు ఆనించి మీట నొక్కించాడు. ఈసారి గాలం వెళ్లి నీళ్ల మధ్య పడింది. ఇంత సంతోషం ఆయన ఎరగడు. పిల్లకి ఏమీ రాకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి నీళ్ల మీద తేలుతున్న బెండు బుడుంగున మునిగింది.

"నాన్నా, మునిగింది! ఇప్పుడేం చెయ్యాలి?"

"తిప్పు! తిప్పు! కాదు, ఆగు! తిప్పు!" చెప్పిన పాఠాలన్నీ మర్చిపోయి ఆయన గట్టు మీద గెంతుతున్నాడు. అమ్మలు తిప్పింది. జానెడు చేప తళతళలాడుతూ ఒడ్డుకొచ్చింది.

పిల్ల కర్రని చంకలో ఇరికించుకుంది. వంగి అరచెయ్యి నీళ్లలో ముంచి తడుపుకుంది. ఆ తడిచేత్తో చేపని మెత్తగా పట్టుకుని, రెండో చేత్తో గాలం అటు తిప్పి ఇటు లాగేసింది, అచ్చం వాళ్ల మామయ్య పన్ను పీకినట్టు.

పొడిచేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, అందుకే ముందు చెయ్యి తడుపుకోవాలి. ఆ సంగతి ఆయన చదివాడు. ఆఖరి పాఠంగా చెబుదామని దాచుకున్నాడు. ఇంకా చెప్పలేదు.

బూట్ల బురద అప్పుడు గుర్తొచ్చింది. అడగడం మానేసిన ఆదివారాలు గుర్తొచ్చాయి. ఒక్క వెంట్రుకైనా తగలకుండా టోపీని మాత్రమే ఎత్తుకుపోయిన ఆ మూడో విసురు కూడా గుర్తొచ్చింది. ఆయనకి ప్రాణం చివుక్కుమంది. బావమరిది మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎటు తిప్పినా చివరికి తన దగ్గరికే వచ్చి నిలబడింది.

అమ్మలు తలెత్తి నాన్న మొహం చూసింది. తర్వాత తన తడిచెయ్యి చూసుకుంది. పిల్ల మొహంలో రంగు మారింది.

"ఇదే నా మొదటి చేప నాన్నా," అంది గబగబా.

లోపం కనబడ్డాక చూసీచూడనట్టు వదిలెయ్యడం ఆయన సర్వీసులో లేదు. ఎంతెంత పెద్దవాళ్లు బతిమాలినా వదల్లేదు.

"అవును తల్లీ, మొదటిదే," అన్నాడు. చేపని ఇద్దరూ కలిసి నీళ్లలోకి వదిలేశారు.

సాయంత్రం భోజనానికి బావమరిది వచ్చాడు. కూర వడ్డించుకుంటూ, ఎవరి వంకా చూడకుండా అడిగాడు. "ఎలా పట్టింది బావా మన అమ్మలు?"

"ఏం పట్టడంలే. దీనికి అస్సలు రాదు," అన్నాడాయన తాపీగా. "పొదలో వేసింది, నా టోపీకి వేసింది. ఇంకా చాలా నేర్పాలి. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఆ పై ఆదివారం కూడా."

బావమరిది చేతిలో గరిటె ఆగిపోయింది. మేనకోడలి వంక చూశాడు.

"అవును మామయ్యా, నాకు అస్సలు రాదు," అంది అమ్మలు, తన కుర్చీ నాన్న కుర్చీ పక్కకి జరుపుకుంటూ.