పాంగ్ గారి అమ్మాయికి ఇంగ్లీషు

కూతురికి ఇంగ్లీషు నేర్పడానికి టీచర్ కావాలని పాంగ్ దెషున్ కబురు పెడితే, షెన్ యూలాన్ ఆ పూటే వెళ్ళి ఒప్పుకుంది. షావ్‌షింగ్ ఊరి చివర, కాలువ పక్కన అతనికి బట్టలకు రంగులద్దే కార్ఖానా, దాన్ని ఆనుకునే ఇల్లు ఉన్నాయి. పోయినేడు యూలాన్ భర్త ల్యాంగ్ బో అక్కడే రంగు తొట్టి కడగడానికి దిగి, విషపు గాలికి ఊపిరాడక చనిపోయాడు. తాగి దిగాడని పాంగ్ విచారణలో చెప్పాడు. ఒక్క గుక్క సారాకే ముఖం కందిపోయే మనిషి బో. అయినా కేసు మూసేశారు. పాంగ్ అంత్యక్రియలకు రాలేదు, ఆమెను ఎన్నడూ చూడలేదు. అక్కడ పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు కాబట్టి షెన్ అన్న పేరు విని అతనికి అనుమానమూ రాలేదు.

అమ్మాయి పేరు రువొయీ. పదహారేళ్ళది. శరత్కాలంలో పీతల విందుకు విదేశీ కొనుగోలుదార్లు వస్తారు, వాళ్ళ ముందు తన కూతురు గడగడా మాట్లాడాలని పాంగ్ ముచ్చట. అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

యూలాన్ వేసుకున్న పథకం నీచమైనదే. మర్యాద మాటలని చెప్పి పిల్లకు బూతులు నేర్పాలి, నిండు విందులో తండ్రి పరువు పోవాలి. ముందు నమ్మకం కుదరాలని కంచం, చెంచా, గొడుగు, వాన అంటూ సరైన మాటలే చెప్పింది. తర్వాత క్రియలకు వచ్చింది.

"మన చైనీసులో నిన్నటి పనికీ రేపటి పనికీ క్రియ ఒకటే. ఇంగ్లీషులో అయిపోయిన పనికి దాని రూపు మారుతుంది. కిటికీలోంచి నువ్వు చూసింది ఏదైనా చెప్పు, దిద్దుతాను," అంది.

పిల్ల ఇంగ్లీషులో మాటలు వెతుక్కుంటూ చెప్పింది. ఒక మనిషి తొట్టి దగ్గర నిలబడతాడు. మాస్కు అడుగుతాడు. చిటికెలో పనికి మాస్కెందుకు, దిగు అని నాన్న అంటాడు. మనిషి దిగుతాడు. పైకి రాడు.

యూలాన్ "నిలబడ్డాడు," అని దిద్దింది. "అడిగాడు. దిగాడు." "ఆయన తాగి ఉన్నాడా?" అని అడిగింది.

"లేదు టీచర్. ఆ పొద్దున నాకు కమలాపండు ఒలిచి పెట్టాడు. తాగుంటే వాసన రాదూ?"

బూతుల పథకం ఆ రోజుతో పోయింది. ఆమె ఆ వాక్యాలనే తక్కిన పాఠాలతో కలిపి, నాలుక తిరిగేదాకా చెప్పించింది.

విందులో పీతలు వడ్డించారు. కార్ఖానా పక్కన ఉండటం ఎలా ఉంటుందని కొనుగోలుదార్లలో ఒక పెద్దావిడ రువొయీని ఇంగ్లీషులో అడిగింది. పిల్ల తొట్టి గురించి, మాస్కు గురించి, తండ్రి అన్న మాట గురించి మెల్లగా చెప్పింది. విదేశీయులు తినడం ఆపేశారు. పాంగ్ మురిసిపోతూ యూలాన్ వైపు వంగాడు.

"ఏం చెబుతోంది టీచర్?"

"మీ కార్ఖానా గురించే."

"బాగా చెబుతోందా?"

"ఒక్క తప్పు లేదు."

పాంగ్ చప్పట్లు కొట్టాడు. యూలాన్ కడుపు నిండా తింది. బో పోయాక ఆమెకు అన్నం రుచించింది ఆ రోజే.

కొనుగోలుదార్లు సంతకాలు పెట్టకుండా వెళ్ళిపోయి, విన్నదంతా అధికారులకు రాసి పంపారు. కేసు తిరగదోడారు. పిల్ల ఈసారి చైనీసులోనే సాక్ష్యం చెప్పింది. పాంగ్‌ను తీసుకెళ్ళేటప్పుడు యూలాన్ గేటు దగ్గరే నిలబడి తాను ల్యాంగ్ బో భార్యనని చెప్పింది.

"నా కూతురికి ఇదా నేర్పావు?" అన్నాడతను.

"నేను నేర్పింది క్రియలు. చూసింది మీ అమ్మాయి."

నింగ్‌బోలో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయే ముందు రువొయీ యూలాన్ ఇంటికి వచ్చింది. గుమ్మం దాటలేదు.

"నన్ను వాడుకున్నారు కదా టీచర్."

"అవును."

"మీరెవరో చెప్పి అడిగుంటే నేనే చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలేదు."

పాంగ్ విషయంలో యూలాన్‌కు ఈనాటికీ పశ్చాత్తాపం లేదు. పిల్ల మెట్లు దిగుతుంటే మాత్రం, వెనక్కి పిలిచి కూర్చోబెట్టాలనిపించింది. పిలవలేదు.