అవతలి కొస

పేక దారం మోసుకెళ్లే నాడె అవతలి కొసకు చేరి ఆగింది. సిద్దిరాములు దువ్వెన లాంటి పన్నెను గుంజి పేకను దగ్గరికి కొట్టాడు. బల్ల అంచు పట్టుకుని, లేవకుండానే కొంచెం కొంచెంగా జరుగుతూ ఎల్లస్వామి కూర్చునే చోటికి వెళ్లాడు. నాడెను అందుకుని, ఇంతకుముందు తాను కూర్చున్న వైపు విసిరాడు. మళ్లీ వెనక్కి జరిగాడు. బల్ల నడుమ చెక్క నున్నగా మెరుస్తోంది. ఇద్దరూ కూర్చున్నన్నాళ్లు అరిగింది రెండు కొసలే. నడుమ అరగడం మొన్నటి దసరా నుంచే.

పెద్ద జంపఖానాను ఒక్కడే నేయడం కొత్తవాడలో ఎవరూ చూడలేదు. పెళ్లి పందిట్లో వాడకట్టంతా కూర్చునే వెడల్పు అది. ఒకడు విసరాలి, ఒకడు పట్టాలి. విసిరినవాడు "పట్టు" అనాలి, పట్టినవాడు "వచ్చె" అనాలి. మీసాలు రాని వయసు నుంచి సిద్దిరాములు, ఎల్లస్వామి ఈ రెండు మాటలు అనుకుంటూనే ముసలివాళ్లయ్యారు. సిద్దిరాములు సన్నగా, వంగిన వీపుతో, ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు ఉంటాడు. ఎల్లస్వామి బొద్దుగా, మెడ నిక్కించి, పోయినవన్నీ తనకే దొరికినట్టు ఉండేవాడు.

ఆ ఎల్లస్వామి దసరాకు ముందు జ్వరమని దవాఖానకు పోయి తిరిగి రాలేదు. అప్పటికి ఈ జంపఖానా సగంలో ఉంది. నేత సొసైటీవాళ్లు ఇంకో మనిషిని పంపుతామన్నారు, సిద్దిరాములు వద్దన్నాడు. ఇద్దరు ఎక్కించిన పడుగు దిగేదాకా పోయినవాడు మగ్గం దగ్గరే ఉంటాడనీ, మూడో చెయ్యి పడితే అలిగి వెళ్లిపోతాడనీ వాళ్ల ముసలివాళ్లు అనేవారు. అది నిజమో కాదో సిద్దిరాములు ఎవరినీ అడగలేదు. పనిని మాత్రం నత్తనడకన సాగించాడు. ఎంత సాగదీసినా నేత నేతే కదా, ఇవాళ్టికి జానెడు మిగిలింది. పొద్దటి నుంచి ఎడమ జబ్బ ఒకటే గుంజుతోంది. బల్ల మీద జరిగీ జరిగీ అనుకున్నాడు.

కిటికీలో ఫోన్ టింగుమంది. చూడబుద్ధి కాలేదు.

ఆ ఫోన్ కథ వేరే. సొసైటీ కార్యదర్శి మేనల్లుడు శశాంక్ మడికొండలో కంప్యూటర్ ఉద్యోగి. ఒకసారి జంపఖానా కొనడానికి వచ్చి, ముసలివాళ్లిద్దరి వాదులాట విని పొట్ట పట్టుకుని నవ్వాడు. తన అద్దెగదిలో ఒక చిన్న సర్వర్ పెట్టి, దానికి 'అరుగు' అని పేరు పెట్టుకున్నాడతను. దాని మీద పెద్ద కంపెనీ పెత్తనం లేదట. ఇలాంటి అరుగులు ఊరూరా, దేశదేశాలా ఎవరివి వాళ్లకు ఉన్నాయట. ఒక అరుగు మీద అన్న మాట ఇంకో అరుగు మీదివాళ్లకు వినిపిస్తుంది, వాళ్లు జవాబూ చెప్పొచ్చు. శశాంక్ ఇద్దరికీ కలిపి 'సిద్ది, ఎల్ల' అని ఒకే ఖాతా తెరిచాడు.

ఇక చూడాలి! సిద్దిరాములు అడిగేవాడు, ఎల్లస్వామి చెప్పేవాడు. కోడి నీళ్లు తాగి పైకి ఎందుకు చూస్తది? "గిది గూడ తెల్వదా? దానికి గుటక లేదు, మెడ లేపితెనే లోపలికి దిగుతది." పప్పుల చింతచిగురు ఏసినంక టమాట ఏయొచ్చా? "గిది గూడ తెల్వదా? ఏసినోడు పాపాన పోతడు." ఈ టమాట మాట మీద ఎక్కడెక్కడి అరుగులవాళ్లో వచ్చి వారం పాటు కొట్లాడారు. ఎల్లస్వామి ఒక్క మెట్టు దిగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయినా అందరికీ అతని మాటే కావాలి. సిద్దిరాములు ప్రశ్న పెట్టడం ఆలస్యం, "ఎల్లన్న ఏమంటడు?" అని కాచుకునేవారు.

ఎల్లస్వామి చనిపోయిన నెలలోనే సిద్దిరాములు ఒక ప్రశ్న పెట్టాడు. సాయంత్రానికల్లా "ఎల్లన్న ఏడి?" అని ఎంతోమంది అడిగారు. పోయాడని రాయడానికి వేలు ఆడలేదు. "గిది గూడ తెల్వదా?" అని మొదలుపెట్టి జవాబు తానే రాసేశాడు. రాశాక చదువుకుంటే ఎల్లస్వామే చెప్పినట్టు ఉంది. ఒళ్లు జలదరించింది, అంతలోనే ప్రాణం లేచి వచ్చినట్టూ అయింది. ఆనాటి నుంచి మగ్గం మీదా, ఫోన్‌లోనూ ఒకటే పని. విసిరేదీ అతనే, జరిగి వెళ్లి పట్టేదీ అతనే.

"మామా, బువ్వ సల్లారిపోతాంది. ఎవలతోని మాట్లాడ్తానవ్?" కోడలు నవత గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎవలున్నరు బిడ్డా ఈడ, మాట్లాడెతందుకు?"

"నాడె ఇసిరి 'పట్టు' అన్నవ్. జరసేపటికి 'వచ్చె' అని గూడ అన్నవ్. నేను ఇన్న."

సిద్దిరాములుకు ఆ సంగతి తెలియదు. 'పట్టు' అన్నది తానేనేమో, అలవాటు. రెండో మాట ఎవరిదో అనుకుంటూ ఎల్లస్వామి చోటు వైపు చూశాడు. నవత గిన్నె పక్కన పెట్టి, చీర కొంగుతో అతని నుదుటి చెమట తుడిచింది.

"ఫికర్ చెయ్యకు. జానెడే ఉన్నది గదా, ఇయ్యాల దించెయ్. ఎల్లస్వామి బాపు గూడ జర రెస్టు తీస్కోనీ."

ఆమె మామూలుగానే అంది. ఆమె వెళ్లాక ఆ మాట అతని చెవిలోనే ఉండిపోయింది.

రెండు ముద్దలు తిని ఫోన్ అందుకున్నాడు. నిన్న అడిగిన ప్రశ్న అక్కడే ఉంది. 'మగ్గం ఆగినంక గూడ చెవుల్ల చప్పుడు ఎందుకు వినవడ్తది?' దాని కింద ఎల్లస్వామి పేరుతో తాను రాసిన జవాబు. 'నాకు తెల్వదు.' ఎంత ఆలోచించినా నిన్న అంతకంటే రాలేదు. దాని కింద ప్రేమలత రాసింది. హసన్‌పర్తిలో హాస్టల్ వార్డెన్ ఆమె, ఇంకో అరుగు మనిషి. టమాట కొట్లాటలో ఎల్లస్వామిని అందరికంటే గట్టిగా నిలదీసింది ఆమే.

'ఎల్లన్నా, తెల్వదు అన్న మాట నీ నోట ఎన్నడూ ఇనలే. నీ పానం మంచిగున్నదా? నాకు బుగులైతాంది.'

సిద్దిరాములు దాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. ఎన్నడూ చూడని మనిషి ఎల్లస్వామి కోసం భయపడుతోంది. అతని కోసం ఏడ్వాల్సినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్లను ఏడ్వనీయకుండా తాను అడ్డం కూర్చున్నాడు. స్నేహితుణ్ణి దాచుకున్నాననుకున్నాడు గానీ, పోనీయకుండా కట్టేశాడు. కళ్లనీళ్లు కారుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు.

'ఎల్లస్వామి లేడు. దసరకు ముందల పోయిండు. ఇప్పుడు అడిగేటోన్ని ఒక్కన్నే ఉన్న. నిన్నటి దానికి జవాబు ఎవలన్న చెప్పున్రి.'

ఫోన్‌ను కిటికీలో పెట్టి మగ్గం ఎక్కాడు. ఎంతో తేలిగ్గా ఉంది. జబ్బ నొప్పి మాత్రం ఛాతీలోకి పాకింది. చెయ్యి తిన్నగా లేవకపోయినా నేశాడు. విసిరాడు, జరిగాడు, విసిరాడు, జరిగాడు. జానెడు బెత్తెడయింది. బెత్తెడు రెండు వేళ్లయింది. రేకుల సందులోంచి పడిన ఎండ ఎల్లస్వామి చోటు మీదికి వచ్చింది. అతను కూర్చున్నప్పుడు వీపు మీద పడే ఎండ అది. ఇప్పుడు ఖాళీ చెక్క మీద పడి వెచ్చగా ఉంది.

సిద్దిరాములు తన కొసన కూర్చుని నాడెను చేతిలోకి తీసుకున్నాడు.

"పట్టు," అన్నాడు గట్టిగా.

విసిరాడు. ఈసారి జరగలేదు. పన్నె మీద చెయ్యి పెట్టి, ఆ ఎండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

వెనక గిన్నెలు తోముతున్న నవతకు "పట్టు" అన్న మాట వినిపించింది. మామూలుగా ఆ వెంటే వచ్చే బల్ల కిర్రు మాత్రం రాలేదు. కాస్త నడుము వాల్చాడేమో అనుకుంది. చాయ్ తీసుకుని వచ్చేసరికి మామ పన్నె మీద తల ఆనించి ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. చేతిలో గ్లాసు జారి, చాయ్ మగ్గం కింది గుంతలోకి కారిపోయింది.

ఆమె కేకకు వాడకట్టంతా వచ్చింది. వాళ్లు సిద్దిరాములును దించి వాకిట్లోకి మోసుకుపోయారు. ఖాళీ గదిలో, కిటికీలో ఫోన్ టింగుమంటూనే ఉంది. ఎవరెవరో, ఏ అరుగుల నుంచో రాస్తున్నారు. అన్నిటికంటే పైన ప్రేమలత మాట వెలిగి ఉంది.

'గిది గూడ తెల్వదా సిద్దన్నా? ఇన్నేండ్లు ఇన్న చప్పుడు, ఒక్కసారే ఎట్ల ఇడిసి పోతది?'

కాసేపటికి ఆ వెలుగు ఆరింది. మగ్గం మీద రెండు వేళ్లంత పడుగు ఇంకా నేయకుండానే ఉంది. సిద్దిరాములు చోటు నుంచి తెగకుండా వెళ్లిన దారం చివర, నాడె అవతలి కొసన, ఎల్లస్వామి చోట ఉంది.