చెయ్యి పెట్టిన బొమ్మలు

ఆ పొద్దున ఆకాశం బార్లీ కాచిన నీళ్ల రంగులో ఉంది. పడమటి ఎడారుల దుమ్ము రాత్రే వచ్చి ఊరిమీద కూర్చుంది. సూర్యుడు లేచాడన్న మాటేగానీ, మాసిన దుప్పటి వెనక దీపంలా, కళ్లార్పకుండా చూడొచ్చు.

మాల్సున్ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతోంది. విత్తనాల దుకాణం మీది అంతస్తు అది. కింద మందు పట్టించిన విత్తనాల వాసన, పైన రంగుల వాసన, రెండూ మెట్లమీద కలుసుకుంటాయి. మెట్ల మొదట బోర్డు ఉంది: 'చేతుల ఇల్లు'. దాని కింద చిన్న అక్షరాల్లో, 'పిల్లల బొమ్మ పిల్లలదే'.

గది పట్టుపురుగుల షెడ్డులా పొడుగ్గా ఉంటుంది. ఒక గోడంతా తెల్లపెంకులు. పిల్లలు దానిమీద రంగులు చల్లుతారు, అరచేతులతో పూస్తారు, వీపులు రుద్దుతారు. సాయంత్రం మాల్సున్ గొట్టంపెట్టి కడిగేస్తుంది. ఒక మూల మట్టి తొట్టి. అరల్లో దారపు కండెలు, గుండీలు, గుడ్ల అట్టలు, చెట్టు బెరళ్లు, ఎండిన వెల్లుల్లి తొక్కలు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవచ్చు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. మోచేతులదాకా మట్టిలో దిగిన పిల్లని "ఏమిటది?" అని అడగను కూడా కూడదు. యున్‌జంగ్ పెట్టిన నియమం అది.

యున్‌జంగ్ ఈ ఇంటి యజమానురాలు. ఆమె తల్లి నడిపిన డ్రాయింగు ట్యూషన్‌ను, రాజధానిలో చదువుకుని వచ్చి, ఇలా మార్చింది. తల్లి పోయింది. తల్లి దగ్గర పనిచేసిన మాల్సున్ మిగిలింది. కుంచెలు కడగడం, మట్టి తడపడం, పిల్లల కాళ్లు తుడవడం. యున్‌జంగ్ ఆమెను "పిన్నీ" అంటుంది. పిల్లలు "అమ్మమ్మ టీచరు" అంటారు. మాల్సున్‌కు మనవలు లేరు, పిల్లలు లేరు, పెళ్లే లేదు.

ఐదో ఆడపిల్ల. ఇక ఆడపిల్లలు చాలు, ఇదే ఆఖరు అన్న అర్థం వచ్చేట్టు పెట్టిన పేరు మాల్సున్. చిన్నతనంలోనే పట్నం వెళ్లి పళ్లేలకు రంగులువేసే కార్ఖానాలో కూర్చుంది. ఒక వరస పిల్లలు ఆకులు వేసేవాళ్లు, ఇంకో వరస కాడలు. మాల్సున్ రేకులు వేసేది. వయసంతా ఆ ఒక్క పువ్వు రేకుల్లోనే గడిచింది. ప్లాస్టిక్ పళ్లేలు వచ్చాక కార్ఖానా మూతపడింది. ఊరికొచ్చి, మంచంపట్టిన తల్లిని చివరిదాకా చూసి, తర్వాత ఈ మెట్లెక్కింది.

రేకులు వేసిన చెయ్యి ఊరుకోదు. పాత రోజుల్లో ట్యూషన్‌లో అదే ఆమె అసలు పని. పిల్లలు ఇళ్లకు వెళ్లాక వాళ్ల బొమ్మల్ని సరిచేసేది. వంకర ఇంటికి కప్పు నిలబెట్టేది, మచ్చను పిట్ట చేసేది. దానికి మా ఊళ్లో 'చెయ్యి పెట్టడం' అని పేరు. తల్లులకు తెలియదు, తెలిసినవాళ్లు తెలియనట్టుండేవాళ్లు. ఎవరింట్లో చావుకి వెళ్లి భోజనానికి కూర్చున్నా, తలెత్తితే గోడమీద తన కొండ కనిపించేది. కింద ఎవరిదో పేరు. ఆ పేరుగల పిల్లవాడు ఇప్పుడు ఎక్కడో లారీ నడుపుతుంటాడు. "మావాడు చిన్నప్పుడు ఎంత బాగా వేసేవాడో చూడు," అనేవాళ్లు ఇంటివాళ్లు. "అవును," అని నవ్వి మాల్సున్ సూప్ తాగేది. ఆమె గదిలో మాత్రం గోడకు క్యాలెండరు తప్ప ఏదీ లేదు.

బోర్డు మారాక చెయ్యి పెట్టడం ఆగింది. ఏడాదికి ఒక్కరోజు తప్ప. తల్లిదండ్రుల పండగకు పిల్లల బొమ్మలు వేలాడదీసి తల్లుల్ని పిలుస్తారు. నిన్న సాయంత్రం యున్‌జంగ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, గోడవైపు చూస్తూ అంది: "పిన్నీ, కాస్త ప్రాణం పొయ్యండి. కనపడకుండా. పోయిన నెల ఇంటికి పంపిన బొమ్మలు చూసి ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించారు, పేడ అలికినట్టున్నాయని."

మాల్సున్ ప్రాణం పోసింది. ఆ పని ఆమెకు అలుపు కాదు.

ఇప్పుడు ఆ బొమ్మలు తాళ్లకు బట్టల క్లిప్పులతో, పిల్లల కంటి ఎత్తులో వేలాడుతున్నాయి.

మెట్లమీద బూట్ల చప్పుడైంది. దాన్‌బి, వెనక దాని తాత. తాత మోకాళ్లదాకా పొలం మట్టి.

"మూతిగుడ్డ తియ్యకే, ముక్కులో ఇటుకలు కాలతాయి," అని మనవరాలిని అదిలించి మాల్సున్‌తో, "చూసుకో తల్లీ. వెల్లుల్లి కాడలు లాగాలి, ఇవాళ తప్పితే ఈనె కట్టి గొడ్లు కూడా తినవు. వాళ్లమ్మ మధ్యాహ్నం బస్సుకి దిగుద్ది, సాయంత్రం బస్సుకి పోద్ది. సముద్రం ఒడ్డున ఆల్చిప్పలు ఒలిచే కాలం అయిపోయింది గదా, రేపట్నుంచి డబ్బాల ఫ్యాక్టరీలో చేరాలంట," అన్నాడు.

"పండగపూటైనా ఉండదా?"

"ఉంటే అన్నం ఎవడు పెడతాడు? నువ్వు పెడతావా?" అని నవ్వి, దగ్గుతూ దిగిపోయాడు.

దాన్‌బికి ఆరేళ్లు. ముందుపళ్లు రెండూ లేవు. బూట్లు విప్పుతూ గుసగుసగా చెప్పింది: "అమ్మమ్మ టీచరూ, మా అమ్మకి ఫోన్లో చెప్పాను. నా బొమ్మలో నువ్వున్నావు, ఎక్కడున్నావో నేను చెప్పను, నువ్వే కనుక్కో అన్నాను. రోజూ అడుగుతోంది. చెప్పలేదు."

కప్పులు సర్దుతున్న మాల్సున్ చెయ్యి ఆగింది. దాన్‌బి బొమ్మలో మనిషి ఎవరూ లేరు. బూడిదరంగూ తెలుపూ కలిపి చేతులతో అచ్చులు వేసిన కుప్ప, అచ్చుమీద అచ్చు. కింద ఒక ఎర్రమచ్చ, పైన తెల్లటి పూత, అంతే. నిన్న సాయంత్రం ఆ కుప్పను చూడగానే ఆమెకు ఊరి వెనక కొండ గుర్తొచ్చింది. అచ్చుల గట్లమీద నీలం గీతలు లాగితే కొండ లేచి నిలబడింది. ఎర్రమచ్చ చుట్టూ ఐదు గులాబిరంగు రేకులు వేసింది, వసంతంలో ఆ కొండమీద పూసే పువ్వు. పైన కాస్త పొగమంచు.

దాన్‌బి పేర్లు చదవలేదు. బొమ్మలనే చూసుకుంటూ నడిచింది. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి. కొండ ముందు నుంచి రెండుసార్లు వెళ్లిపోయింది.

"నాది లేదు."

యున్‌జంగ్ వచ్చి నవ్వింది. "లేకేం? ఇదిగో, దాన్‌బి అని రాసి లేదూ?"

"పేరు నాదే. బొమ్మ ఇంకెవరిదో."

"నీదేనమ్మా, ఆరింది కదా, ఆరితే రంగు మారుతుంది."

"ఆరితే పువ్వులొస్తాయా?"

యున్‌జంగ్ మాల్సున్‌ను ఒక్కసారి చూసి, అప్పుడే మెట్లెక్కుతున్న తల్లుల వైపు వెళ్లిపోయింది.

దాన్‌బి మాల్సున్ చొక్కా అంచు పట్టుకుంది. "మీకు తెలుసుగా, అన్నీ మీరే సర్దుతారుగా? అమ్మొచ్చేలోగా వెతుకుదాం, రండి."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేక మాల్సున్ వెతికింది. అరలు లాగింది. ఎండబెట్టే చట్రాల్లో ఒక్కో కాగితం పైకెత్తి చూపించింది. అట్టపెట్టెల వెనక దీపం వేసి చూసింది. లేనిదాన్ని అంత శ్రద్ధగా వెతకాల్సిన పని ఆమెకు ముందెప్పుడూ పడలేదు. పిల్ల మోకాళ్లమీద పాకుతూ సింకు కింద చూసి లేచింది. మొహాన సాలెగూడు.

"ఎలా ఉంటుంది నీది?" అని మాల్సున్ అడిగింది. అడగకూడని మాటని తెలుసు.

"చిప్పలు. అమ్మ ఒలిచేవి. ఇంటి కంటే ఎత్తు కుప్ప, ఫోన్లో చూపించిందిగా. కింద అమ్మ చేతి తొడుగు, ఎర్రది, రబ్బరుది. అమ్మ మొహం కనపడదు, ఆవిరి."

మాల్సున్ వేసిన పొగమంచు సరిగ్గా ఆ ఆవిరిమీదే పడింది.

మధ్యాహ్నానికి గది నిండింది. తల్లుల గుండెలమీద గుచ్చిన, పిల్లలు చేసిన కాగితం పూలు. "మావాడి గుర్రం చూశారా, దౌడే!" "మీవాడు మీలాగే, ఎప్పుడూ పరుగే." "అత్తగారికి ఫోటో పంపుతా, ఇక నోరు మూసుకుంటుంది." నవ్వులు. యున్‌జంగ్ నవ్వు అన్నిటికంటే గట్టిగా ఉంది.

దాన్‌బి అమ్మ చివర్లో వచ్చింది. చిన్న మనిషి. దుమ్ముకి కళ్లు ఎర్రబడ్డాయి. ఒక చేతిలో గుడ్డమూట, రెండో చెయ్యి కోటుజేబులో. కూతుర్ని ఒంటిచేత్తోనే ఎత్తుకుంది. అందరికీ తలవంచి, పేర్లు చదువుకుంటూ వెళ్లి ఆగింది.

"అబ్బ! కొండే! పువ్వు కూడానా! నా తల్లే, ఎంత బాగా వేశావే!"

దాన్‌బి నోరు తెరిచింది.

"ఉండు, చెప్పకు. ఈ కొండమీద ఎక్కడో ఉన్నాను కదూ?"

దాన్‌బి తన తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. బస్సులో కూర్చుని కూర్చుని అలిసిన మొహం, ఇప్పుడు వెలుగుతోంది.

"ఊఁ," అంది. "కొండమీదే."

అని నవ్వింది. ఆ నవ్వు మాల్సున్‌కు తెలుసు. చావు ఇళ్లల్లో సూప్ తాగుతూ తను నవ్విన నవ్వు అది. అరవై ఏళ్ల మొహంమీద అలవాటైపోయింది. ఆరేళ్ల మొహంమీద, పళ్లులేని నోటితో, చూడలేకపోయింది.

"అది నేను వేశాను," అంది మాల్సున్.

తల్లులకు పోస్తున్న బార్లీనీళ్ల కూజా ఇంకా చేతిలోనే ఉంది. ఎవరికీ వినపడలేదేమోనని ఇంకోసారి అంది. "కొండ నేను వేశాను. పువ్వూ నాదే. పాప వేసింది వేరే."

"పిన్నీ!" అంది యున్‌జంగ్.

గదిలో మాటలు ఒక్కొక్కటే ఆగాయి. గుర్రం తల్లి ముందుకొచ్చింది. "అంటే... మా వాడిది?"

"గుర్రం మీవాడిదే. కాళ్లు నావి."

ఎవరో ఫక్కున నవ్వబోయి ఊరుకున్నారు. తల్లులు గోడవైపు తిరిగారు. ప్రతివాళ్లూ తమ బొమ్మనే చూస్తున్నారు, అందులో ఏది తమదో తేల్చుకోవాలన్నట్టు. కాసేపటికి ఒకావిడ తన బొమ్మ తాడునుంచి తీసుకుని, పిల్లాడికి బూట్లు తొడిగింది. వెనక ఇంకొకరు. ఎవరూ అరవలేదు. మా ఊళ్లో అరవరు. మెట్లు దిగాక కింద దుకాణం దగ్గర మాట్లాడుకుంటారు.

దాన్‌బి అమ్మ కూతుర్ని దించి, ఒంటిచేత్తో క్లిప్పులు తీసి బొమ్మను నేలమీద పరిచింది. "అయితే నువ్వేం వేశావో చూపించు."

దాన్‌బి వంగి, కొండ గట్టుమీద తన అరచెయ్యి ఆనించింది. నీలం గీత కింద వేళ్లు సరిగ్గా కుదిరాయి. "ఇది చిప్ప. ఇదీ చిప్ప. అన్నీ చిప్పలే. నీ తొడుగు పువ్వు కింద ఉంది."

"ఒకటేనా? రెండో చెయ్యేది?"

"దాంట్లో కత్తి ఉందిగా. కుప్పలో ఉంది, కనపడదు."

"అవునులే, నిజమే," అని తల్లి జేబులోంచి ఆ రెండో చెయ్యి తీసింది. వేళ్లకు గుడ్డపట్టీలు, బొటనవేలిమీద మానిన కోత పక్కన మానని కోత. దాన్ని కూతురి చేతిపక్కన కాగితంమీద పెట్టింది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మాల్సున్ కప్పులు కడగడానికి లోపలికి వెళ్లింది. కుళాయి పూర్తిగా తిప్పింది.

బస్సు వేళయింది. "దుమ్ములో బస్టాండుకి రాకు, తాత వస్తాడు," అని దాన్‌బి అమ్మ బొమ్మను చుట్టచుట్టి కోటులో దోపుకుంది. గుడ్డమూట మాల్సున్ ముందు పెట్టింది. ఊరేసిన ఆల్చిప్ప మాంసం, గాజు సీసాలో, ఎర్రగా. "నేనే ఒలిచానండీ, నేనే ఊరేశాను. టీచరుగారికని తెచ్చాను."

"నాకెందుకమ్మా ఇంకా..."

"తీసుకోండి. దీనికి అన్నం తినిపిస్తారట కదా."

మెట్లమీద ఆమె అడుగులు వినపడ్డాయి. తర్వాత వినపడలేదు. దాన్‌బి కిటికీ దగ్గరకు వెళ్లలేదు. మట్టి తొట్టి గట్టుమీద కూర్చుని రెండు కాళ్లూ చూసుకుంది.

యున్‌జంగ్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "వెయ్యమన్నది నేనేనని ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదుగా." అందరి ముందూ యున్‌జంగ్‌ను మేడం అంటుందిగానీ, మాల్సున్‌కు ఆమె పలకపట్టిన నాటినుంచి తెలిసిన పిల్ల. "వెయ్యమన్నది నువ్వు. వేసింది నా చెయ్యి."

"పిన్నీ, రేపు..."

"రానులే."

"నేనలా అనలేదు."

"నువ్వు అనక్కర్లేదు. నేను కూడా ఇక్కడుంటే ఆగను, అమ్మాయ్. ఖాళీ కనపడితే రేకు వేస్తాను."

మాల్సున్ తన చెప్పులు, కళ్లజోడు, ఊలు చొక్కా సంచిలో పెట్టుకుంది. పెట్టుకోవడానికి ఇంకేమీ లేకపోయింది.

తాత ఇంకా రాలేదు. బయట పసుపు వెలుగు గోధుమరంగుకి తిరిగింది. వెనకగదిలో కుక్కరులో పొద్దుటి అన్నం వెచ్చగా ఉంది. మాల్సున్ పిల్లల పొట్టి బల్లమీద మూడు గిన్నెలు పెట్టి, సీసా మూత తీసింది. ఉప్పూ కారమూ సముద్రమూ కలిసిన వాసన గదంతా పరుచుకుంది. దాన్‌బి వచ్చి కూర్చుంది. కాసేపటికి యున్‌జంగ్ కూడా వచ్చి, మోకాళ్లు పట్టక పక్కకి మడిచి, పిల్లల కుర్చీలో కూర్చుంది.

మాల్సున్ ఒక్కో ముక్క తీసి దాన్‌బి అన్నంమీద పెట్టింది. ముగ్గురూ తిన్నారు. గోడమీద ఒకటిరెండు బొమ్మలు ఇంకా వేలాడుతున్నాయి. ఎవరూ అటు చూడలేదు. నమలడం, చెంచా గిన్నెకు తగలడం, అంతే.

మధ్యలో దాన్‌బి నమలడం ఆపింది. దవడ పక్కకు జరిపి, వేలు పెట్టి నోట్లోంచి ఏదో తీసి, దీపంకింద అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దాన్ని గిన్నె పక్కన జాగ్రత్తగా పెట్టి మళ్లీ చెంచా అందుకుంది. కత్తి అంచుకు దొరక్క మాంసంలో ఉండిపోయిన చిప్పముక్క, గోరంత, ఒకవైపు బూడిదరంగు, రెండోవైపు తడిగా మెరుస్తూ.